జపాను ముద్రాచిత్రములందలి యోషధివర్ణములు

జపానుదేశమునఁ గొయ్యపలకలఁ జెక్కి కాగితముపై నచ్చొత్తిన చిత్రములకు ఉకియో-ఎ యని పేరు. ఇవి 17వ శతాబ్దినుండి 19వ శతాబ్ది వఱకు ఎడో నగరమున, అనఁగా నేఁటి టోకియోలో, మిక్కిలి ప్రచారము నొందెను. వీని రంగులలోఁ బెక్కులు మొక్కల పూవులు, ఆకులు, దుంపలు, బెరడులనుండి తీయఁబడినవి. ఇట్టివి యోషధివర్ణములు. వీనిలోఁ బలువన్నెలు వెలుతురు సోఁకఁగాఁ గ్రమముగా క్షీణించును. కావున నేఁడు కానవచ్చు ప్రాచీనప్రతి చిత్రకారుఁ డుద్దేశించిన రూపముననే యున్నదా యను ప్రశ్న పుట్టుచున్నది. తాళపత్రగ్రంథములందు మూలపాఠనిర్ణయ మెట్టిదో, ఈ చిత్రములందు మూలవర్ణనిర్ణయ మట్టిది.

తొలుత నీచిత్రములను నల్లసిరాతో మాత్రమే యచ్చొత్తి, రంగులను గుంచెతోఁ బూయుచుండిరి. 1740 ప్రాంతమున నెఱుపు, ఆకుపచ్చ మొదలగు రెండు మూఁడు రంగులను బలకలతోనే యొత్తుట మొదలయ్యెను. 1765లో సుజుకి హరునొబు రచనలతో బహువర్ణముద్రణము నెలకొనెను. అట్టి చిత్రమునకు నిషికి-ఎ, అనఁగా జలతారుపట్టువంటి చిత్రమని పేరు. ప్రకాశకుఁడు పూనిక వహింపఁగా, చిత్రకారుఁడు గీయును, శిల్పి చెక్కును, ముద్రకుఁ డొత్తును. ఒక్కొక్క రంగున కొక్కొక్క పలక గావలెను. కోజో యను మొక్కనారతోఁ జేసిన కాగితమునకు, రంగు ప్రాఁకకుండుటకై, పటికయుఁ దోలుబంకయుఁ గలిపిన నీటిని బట్టింతురు. పలకపై రంగును బియ్యపుగంజితోఁ గలిపి కుంచెతోఁ బూసి, కాగితమును బఱచి, వెదురుపొర చుట్టిన బారెన్ అను సాధనముతో వీపున రుద్దుదురు. నూనె యెందును లేదు. పలుచని రంగు నారలలో నింకి నిలుచును. కావుననే యా కోమలత్వము, కావుననే యా యస్థిరత్వమును.

రంగునకు దాని నిచ్చు ద్రవ్యమునుబట్టి పేరు కలుగుట వైయాకరణుల కెఱుకపడినదే. అష్టాధ్యాయియందు నాల్గవ యధ్యాయపు రెండవపాదము, రంజకద్రవ్యముచే రంగు వేయఁబడినదను నర్థమునఁ దద్ధితప్రత్యయమును విధించుటతోడనే యారంభమగుచున్నది. వార్తికకారుఁడు హరిద్రా మహారజన శబ్దములను బ్రత్యేకముగాఁ బేర్కొనెను. హరిద్రచే రంజితమైనది హారిద్రము. మహారజనముచే రంజితమైనది మాహారజనము. మహారజన మనఁగాఁ గుసుంభమని యమరకోశమువలనఁ దెలియును. ఈ హరిద్రా కుసుంభములే, అనఁగాఁ బసుపు కుసుమలే, జపాను ముద్రకునకును ముఖ్యద్రవ్యములు. ఆ భాషలో బెని యనునది కుసుమరంగునకును దానివలనఁ గలుగు నెఱుపునకును, ఐ యనునది నీలిమందునకును నీలవర్ణమునకును బేరు. ద్రవ్యనామమే వర్ణనామమగుట యుభయత్ర సమానము.

కుసుమపూవునందు రెండు రంగులు గలవు. పసుపువన్నె నీటఁ గరఁగును. ఎఱుపు నీటఁ గరఁగక క్షారజలమునఁ గరఁగును. కావున మొదటఁ బూరేకులను బలుమాఱు కడిగి పసుపువన్నెను దొలఁగింతురు. పిదప బూడిదనీట నెఱుపును దిగఁదీసి, పుల్లని పండ్లరసమును జేర్పఁగా నెఱుపు విడివడి యడుగున నిలుచును. జపానువారు దీనికి ఊమె యను పండ్లను వాడుదురు. ఆ దేశపు టీశాన్యభాగమున మొగామి నదీప్రాంత మీపంటకుఁ బ్రసిద్ధము. అచటి రైతులు రేకులను మాఁగవేసి, బిళ్లలు చేసి యెండించి, క్యోటో నగరమునకుఁ బంపుచుండిరి. తెలుఁగునాటఁ గుసుమలను గింజల నూనెకొఱకే పండించుట యలవాటగుటచే, ఆ పూవులో నింతటి యెఱుపు దాఁగియున్నదను మాట వింతగాఁ దోఁచును. ఈ వన్నె యెంత మనోహరమో యంత సుకుమారము. వెలుతురునకుఁ బాలిపోయి, తుదకు లేఁత జాడయై మిగులును.

నీలమునకుఁ బూర్వముద్రకులు రెండు ద్రవ్యముల నాశ్రయించిరి. మొదటిది త్సుయుకుస యను చిన్నమొక్క పూవు. ఇది తెలుఁగుదేశపుఁ బొలముగట్లఁ గనఁబడు వెన్నదేవికూర జాతిలోనిది. ఉదయమునఁ బూచి మధ్యాహ్నమునకు ముడుఁచుకొనును. రేకుల రసమును బిండి, కాగితములకుఁ బలుమాఱు పట్టించి యెండించి దాఁతురు. కావలసినపుడు ముక్కను నీటఁ దడుపఁగా నీలరసము మరల వెలువడును. పట్టువస్త్రములపైఁ జిత్రములు వ్రాయువారు దీనితోఁ దొలిగీఁతలు గీసి, పని ముగియఁగానే నీటఁ గడిగివేయుదు రనఁగా దీని యస్థిరత్వము స్పష్టము. రెండవది నీలిమందు. భారతదేశపు నీలిచెట్టును జపానువారి ఐ మొక్కయు వేర్వేఱు కుటుంబములవి. అయినను రంగుపదార్థ మొక్కటియే. ఇది నీటఁ గరఁగదు గావున మెత్తగా నూఱి వాడవలెను. శ్రమ యధికము, స్థైర్యము నధికము.

పసుపువన్నెకుఁ బసుపుకొమ్ము, కిహద యను చెట్టుబెరడు మొదలగునవియు, హరితాళమను ఖనిజమును వాడుకలో నుండెను. పసుపుబట్ట యెండకు వెలియుట యెల్లరు నెఱిఁగినదే. మిశ్రవర్ణములందుఁ జిక్కు మఱింత యెక్కువ. నీలిమందుతోఁ బసుపువన్నెను గలిపిన ఆకుపచ్చయందుఁ బసుపు నశించినచో నాకులు నీలములై తోఁచును. కుసుమయెఱుపుతో త్సుయుకుస నీలమును గలిపిన యూదావన్నెయందు నీలము తొలఁగినచో వస్త్రము గోధుమవన్నెకుఁ దిరుగును.

ఇందువలనఁ గలుగు ప్రమాద మల్పము గాదు. హరునొబు చిత్రమున నీరు మట్టివన్నెగాఁ గనఁబడినచో, అది చిత్రకారుని శాంతరుచికి నిదర్శనమని వ్యాఖ్యానించుట సులభము. అచట నీలముండి నశించియుండవచ్చును. ఇట్టి వ్యాఖ్యానము లేఖకదోషమును గవిప్రయోగముగా సాధించుటవంటిది. దీనికి నివారణోపాయము ప్రతులను బోల్చిచూచుటయే. స్పాల్డింగు సోదరులు 1921లో నమెరికాలోని బోస్టను లలితకళాప్రదర్శనశాలకు 6,000కుఁ బైగాఁ జిత్రముల నొసంగుచు, వాని నెన్నఁడును బ్రదర్శింపరాదని నియమము చేసిరి. అందుచే నందలి నీలములు, ఊదాలు నేఁటికిని దాజాగా నున్నవి. పాలిపోయిన ప్రతులకు నవి మాతృకలుగా నుపకరించుచున్నవి. కాగితమును గిల్లకయే, దానిపై వెలుఁగును బ్రసరింపఁజేసి, తిరిగివచ్చు కాంతినిబట్టి ద్రవ్యమును గుర్తించు పద్ధతులును గలవు.

ద్రవ్యజ్ఞానము కాలనిర్ణయమునకును దోడ్పడును. 18వ శతాబ్ద్యారంభమున బెర్లిను నగరమునఁ బుట్టిన కృత్రిమనీలము 1830 ప్రాంతమున జపాను ముద్రణమునఁ బ్రబలెను. హొకుసాయి రచించిన ఫుజిపర్వతపు ముప్పదియాఱు దృశ్యములు దానికిఁ బ్రసిద్ధోదాహరణము. బొగ్గుతారునుండి తీసిన రంగులు 1856లోఁ బుట్టి, 1860 తరువాత జపానునకు దిగుమతి యయ్యెను. 18వ శతాబ్దిదని చెప్పఁబడు ప్రతియం దిట్టి రంగు కానవచ్చినచో, అది పిదప నొత్తినదో, పిదప రంగు పూసినదో యని నిశ్చయింపవచ్చును.

చూపినచో రంగు క్షీణించును. చూపకున్నఁ జిత్రమునకుఁ బ్రయోజనము గొఱవడును. ఈ వైరుధ్యమునకుఁ బూర్ణపరిహారము లేదు. మందమగు వెలుతురునఁ గొన్ని వారములు మాత్రమే ప్రదర్శించి మరలఁ జీఁకటిలో నుంచుట యిపుడు పలుచోట్ల నవలంబింపఁబడు మధ్యమమార్గము. వ్యాఖ్యాతకు మాత్ర మొక నియమము పాటింపఁదగును: ప్రాచీనప్రతిని వర్ణించునపుడు “ఇది గోధుమవన్నెగా నిపుడు కనఁబడుచున్నది” యనుట యుక్తము, “చిత్రకారుఁడు గోధుమవన్నెను వాడెను” అనుటకుఁ బ్రమాణము వేఱుగాఁ గావలెను.