అర్హత పరీక్ష: నిఖత్ జరీన్ ముష్టియుద్ధ ప్రస్థానం

క్రీడారంగంలో విజేతల పేర్లు మనకు త్వరగానే తెలుస్తాయి. వారు ఆ విజయపీఠం వరకు ఏ దారిన నడిచి వెళ్ళారో, ఆ దారిలో ఏ తలుపులు తెరచి వున్నవో, ఏ తలుపులను తట్టి తెరిపించుకొనవలసి వచ్చినదో మాత్రం అంత సులభంగా తెలియదు. 2022లోను, 2023లోను ప్రపంచ ముష్టియుద్ధ విజేతగా నిలిచిన తెలుగునాటి యువతి నిఖత్ జరీన్ జీవితంలో విద్యార్థులు గ్రహింపదగినది ఈ రెండవ విషయమే. ఆమె గెలుపులు గొప్పవి. అయితే అర్హత గలవారందరికీ పరీక్షకు నిలబడే అవకాశం వుండాలని ఆమె పట్టుపట్టిన తీరు ఆ గెలుపులకన్న తక్కువది కాదు.

క్రీడా స్వరూపం

ముందుగా ఈ క్రీడ స్వరూపాన్ని కొంత తెలుసుకొనడం అవసరం. ముష్టియుద్ధంలో రెండు శాఖలున్నవి. మొదటిది వృత్తి ముష్టియుద్ధం. ఇందులో క్రీడాకారిణి పారితోషికం కోసం పోరాడుతుంది; పోటీలను నిర్వాహకులు ఏర్పాటు చేస్తారు. స్త్రీల పోటీలలో రౌండు సాధారణంగా రెండు నిమిషాలు. ప్రపంచ బిరుదు పోటీ పది రౌండ్ల వరకు సాగుతుంది. ఐర్లాండుకు చెందిన కేటీ టేలర్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం సాధించి, 2016లో ఈ శాఖలో ప్రవేశించింది. 2022 ఏప్రిల్ 30న న్యూయార్కు నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆమెకు, అమాండా సెరానోకు జరిగిన పోరాటం ఆ ప్రఖ్యాత భవనంలో ప్రధాన పోటీగా జరిగిన మొదటి స్త్రీల ముష్టియుద్ధం.

రెండవది ఒలింపిక్ శాఖ. ఇందులో క్రీడాకారిణి తన దేశం పక్షాన పోరాడుతుంది. మూడేసి నిమిషాల రౌండ్లు మూడు మాత్రమే. బరి చుట్టూ అయిదుగురు న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. రౌండు గెలిచినవారికి పది మార్కులు, ఓడినవారికి తొమ్మిది గాని అంతకు తక్కువ గాని లభిస్తాయి. కావున 5–0 అనగా అయిదుగురి దృష్టిలోను ఆమెయే విజేత అని అర్థం. నిఖత్ ప్రస్థానమంతా ఈ శాఖలోనిదే. ఈ శాఖలో దేశం తరఫున ఎవరు వెళ్ళాలన్నది క్రీడాసంఘం నిర్ణయించవలసి వుంటుంది. అందువలన బరిలోని పోరాటానికి ముందే ఎంపిక అనే మరొక పోరాటం వుంటుంది.

స్త్రీల ముష్టియుద్ధానికి ఒలింపిక్స్‌లో స్థానం లభించినదే 2012లో. అప్పుడు 51, 60, 75 కిలోలు అనే మూడు బరువు తరగతులే వుండేవి. టోక్యోలో అయిదు, పారిస్‌లో ఆరు అయినవి. తరగతులు తక్కువైనప్పుడు అటు తక్కువ బరువు వారు బరువు పెంచుకొని, ఇటు ఎక్కువ బరువు వారు తగ్గించుకొని ఒకే చోట చేరుతారు. నిఖత్ జీవితంలోని పెద్ద చిక్కు ఈ లెక్కలోనే పుట్టింది.

పసుపు సీమ బాలిక

నిఖత్ 1996 జూన్ 14న నిజామాబాదులో జన్మించింది. మన గుంటూరు మిరపకు ఎంత పేరో నిజామాబాదు పసుపుకు అంత పేరు. పంట ధరలు, మార్కెట్ యార్డు, బస్టాండు వీటి చుట్టూ తిరిగే మన పట్టణాల వంటిదే అదీను. తల్లిదండ్రులు శ్రీమతి పర్వీన్ సుల్తానా, శ్రీ మొహమ్మద్ జమీల్ అహ్మద్. నలుగురు కుమార్తెలలో ఈమె మూడవది. తండ్రి స్వయంగా క్రీడాకారుడు కావడం వలన ఆమెను మొదట పరుగుపందెాలకై మైదానానికి తీసుకొనివెళ్ళాడు. అక్కడ అన్ని ఆటలలోను బాలికలు కనిపించారు, ముష్టియుద్ధంలో తప్ప. కారణమేమని ఆమె తండ్రిని అడిగింది. అంతటి బలం ఆడవారికి లేదని లోకం తలుస్తున్నదని ఆయన జవాబు చెప్పాడు. ఆ జవాబే ఆమెను బరిలోనికి దింపింది.

మన ప్రాంతపు పాఠకులు ఈ సందర్భంలో ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. పత్తి తీతకు, మిరప కోతకు తెల్లవారకముందే బయలుదేరి, ఎండలో నడుము వంచి దినమంతా పనిచేసే స్త్రీలను చూస్తూ పెరిగినవాళ్ళం మనం. స్త్రీకి బలం లేదనే మాటను మన చేలే ఒప్పుకొనవు. లేనిది బలం కాదు; ఆ బలాన్ని క్రీడగా మలచుకొనే తీరిక, స్థలం, అనుమతి.

నిజామాబాదులో శంసముద్దీన్ గారి వద్ద ఆమె తొలి పాఠాలు నేర్చుకొన్నది. తోడు బాలికలు లేనందున బాలురతోనే సాధన చేసింది. ముఖంపై దెబ్బలు చూచి, ఈ పిల్లను రేపు ఎవరు పెండ్లాడుతారని తల్లి కలతచెందింది. పొట్టి దుస్తులు ధరించి ఆడడాన్ని బంధువులలో కొందరు ఆక్షేపించారు. తండ్రి ఆ ఆక్షేపణలను తాను భరించి, కుమార్తె దృష్టిని ఆటమీదనే నిలిపాడు. 2009లో ఆమె విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణకేంద్రంలో చేరి, ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వి. రావు గారి శిష్యురాలైంది. రెండేళ్ళు తిరుగకముందే, 2011లో, టర్కీలోని అంటాల్యాలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలలో స్వర్ణపతకం గెలిచింది. అప్పటికామె వయస్సు పదునైదు సంవత్సరాలైనా నిండలేదు. 2013లో బల్గేరియాలో ప్రపంచ యూత్ పోటీల రజతం, 2014లో సెర్బియాలోని నోవీసాద్ నగరంలో స్వర్ణం లభించాయి.

గాయం, వివాదం

2017లో భుజం కీలు తప్పి, శస్త్రచికిత్స జరిగి, దాదాపు సంవత్సరం ఆటకు దూరమైంది. ముష్టియోధురాలికి భుజమే ఆయుధం. తిరిగి కోలుకొని 2018లో బెల్‌గ్రేడ్‌లోను, 2019లో బల్గేరియాలోని స్ట్రాంజా పోటీలలోను స్వర్ణాలు సాధించి తాను నిలబడగలనని నిరూపించింది.

సరిగ్గా అప్పుడే అసలు చిక్కు ఎదురైంది. మణిపూర్‌కు చెందిన మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ విజేత; 2012 ఒలింపిక్స్‌లో కాంస్య గ్రహీత. ఆమె ప్రపంచ బిరుదులన్నీ 51 కన్న తక్కువ బరువులలోనివే. కాని ఒలింపిక్స్‌లో ఆ తరగతులు లేవు. కనుక ఆమె 51 కిలోలకు రావలసి వచ్చింది. అది నిఖత్ తరగతి. 2019 ఆగస్టులో ప్రపంచ పోటీల ఎంపికకు నిఖత్ ఆశించిన పోటీ జరుగలేదు. పూర్వ ప్రదర్శన ఆధారంగా సంఘం మేరీ కోమ్‌నే ఎంపిక చేసింది. ఆమె ఆ పోటీలలో కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా పరీక్ష లేకుండా ఆమెనే పంపాలన్న ఆలోచన సాగింది.

సంఘం వాదంలో బలం లేకపోలేదు. అనుభవానికి విలువ వున్నది. మేరీ కోమ్ చరిత్ర అసాధారణం. అయితే నిన్నటి ఘనత రేపటి పోటీకి ప్రవేశపత్రం కాగలదా? 2019 అక్టోబరులో నిఖత్ అప్పటి కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగ లేఖ వ్రాసింది. ఆమె తనకు స్థానం ఇమ్మని అడుగలేదు. స్థానానికై పోటీపడే అవకాశం ఇమ్మని మాత్రమే అడిగింది. ఈ రెండింటికీ గల భేదాన్ని విద్యార్థులు బాగా గుర్తించాలి. మొదటిది అనుగ్రహం కోరడం. రెండవది న్యాయం కోరడం.

చివరకు సంఘం పరీక్ష పెట్టింది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఇద్దరూ తలపడ్డారు. మేరీ కోమ్ 9–1 తేడాతో గెలిచింది. టోక్యోకు ఆమెయే వెళ్ళింది. కోరి తెచ్చుకొన్న పరీక్షలో నిఖత్ ఓడిపోయింది. ఆమె పట్టుదల వ్యర్థమైనదని కొందరు తలచి వుండవచ్చు. కాని పరీక్ష జరిగినందున మేరీ కోమ్ స్థానానికి బలం చేకూరింది. నిఖత్‌కు తన లోపమెంతో స్పష్టంగా తెలిసింది. న్యాయమైన పరీక్ష గెలిచినవారికి గౌరవాన్ని, ఓడినవారికి జ్ఞానాన్ని ఇస్తుంది.

ఇస్తాంబుల్, ఆ తరువాత

ఆ జ్ఞానం ఫలించింది. 2021లో ఇస్తాంబుల్‌లోని బాస్ఫరస్ పోటీలలో రష్యాకు చెందిన పాల్ట్సెవాను, కజకిస్తాన్‌కు చెందిన కిజైబాయ్‌ను ఓడించింది. సెమీఫైనల్లో టర్కీ క్రీడాకారిణి బుసెనాజ్ చాకిరోగ్లు చేతిలో ఓడి కాంస్యంతో తిరిగి వచ్చింది. ఆ చాకిరోగ్లు అదే సంవత్సరం టోక్యోలో రజతం గెలిచింది. 2022 స్ట్రాంజా పోటీల సెమీఫైనల్లో అదే చాకిరోగ్లును నిఖత్ ఓడించి, స్వర్ణం చేజిక్కించుకొన్నది.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ పోటీల 52 కిలోల ఫైనల్. ప్రత్యర్థి థాయిలాండుకు చెందిన జిట్‌పాంగ్ జుటామస్. అయిదుగురు న్యాయనిర్ణేతలూ నిఖత్‌కే పట్టం కట్టారు. మేరీ కోమ్, సరితాదేవి, జెన్నీ, లేఖ అనంతరం ప్రపంచ స్వర్ణం సాధించిన అయిదవ భారతీయ మహిళ ఆమె.

తరువాత జరిగినది ఈ కథకు కీలకం. కామన్వెల్త్ క్రీడలలో తరగతి 50 కిలోలు. ప్రపంచ విజేతయై నెల తిరుగకముందే, జూన్‌లో, నిఖత్ బరువు తగ్గించుకొని ఢిల్లీలో ఎంపిక పరీక్షకు హాజరైంది. తాను ప్రపంచ విజేతనని మినహాయింపు పొందలేదు. ఒకనాడు ఇతరులకు వర్తింపజేయమని కోరిన నియమానికి తానే తల ఒగ్గింది. పరీక్షలో నెగ్గి బర్మింగ్‌హామ్ వెళ్ళి, ఉత్తర ఐర్లాండుకు చెందిన కార్లీ మెక్‌నాల్‌ను 5–0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ సంవత్సరమే అర్జున పురస్కారం లభించింది. 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాంకు చెందిన న్గుయెన్ థీ టామ్‌పై 5–0తో గెలిచి, 50 కిలోలలో రెండవసారి ప్రపంచ విజేత అయింది.

అటు తరువాత పరాజయాలూ వచ్చాయి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కాంస్యంతో సరిపెట్టుకొన్నది. అయితే పారిస్ ఒలింపిక్స్ స్థానం అక్కడే దక్కింది. 2024 ఆగస్టు 1న పారిస్‌లో, సీడింగు లేని కారణంగా, రెండవ పోటీలోనే చైనాకు చెందిన అగ్రశ్రేణి యోధురాలు వూ యూ ఎదురైంది. నిఖత్ 0–5తో ఓడింది. ఒలింపిక్ పతకం చేతికి అందలేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆమెను డి.ఎస్.పి.గా నియమించింది. అంతటితో ఆమె ఆట మానలేదు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్‌ఫైనల్లో పాత ప్రత్యర్థి చాకిరోగ్లు చేతిలో ఓడినా, నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల స్వర్ణం గెలిచింది.

మనకు లభించే పాఠం

ఈ చరిత్రను చదివి మనమంతా ముష్టియోధులం కావాలని కాదు. ఏ కళాశాలలోనైనా ఎంపికలు వుంటాయి. వక్తృత్వ పోటీకి, కబడ్డీ జట్టుకు, విశ్వవిద్యాలయ అంతర్ కళాశాలల పోటీలకు ఎవరో ఒకరిని పంపాలి. నిరుడు వెళ్ళినవారినే ఈ ఏడూ పంపడం అందరికీ సులభం. అడిగేవారు లేకపోతే అదే ఆచారమవుతుంది. అడుగనివారిలో మొదటివారు తరచుగా ఆడపిల్లలే. కోతల రోజులలో ఇంటి పనికి ఆగిపోయేది వారే. సాయంకాలపు బస్సు తప్పిపోతుందని మైదానం వదలి వెళ్ళేది వారే. బంధువుల మాటకు జంకేది వారి తల్లిదండ్రులే.

కావున కళాశాల కార్యవర్గంవారికి మూడు విన్నపాలు. ఏ ఎంపికయైనా దాని తేదీని, నియమాలను ముందుగా ప్రకటన ఫలకంపై వుంచాలి. గత విజేతతో సహా అందరూ ఆ పరీక్షకు నిలబడాలి. మార్కులు అందరికీ తెలియాలి. బాలికలకు పగటివేళలోనే, బస్సు సమయానికి ముందే, మైదానంలో ఒక గంట ప్రత్యేకించి, మహిళా శిక్షకురాలిని నియమించాలి. వీటిలో మొదటి రెండింటికి పైసా ఖర్చు లేదు. మూడవదానికయ్యే వ్యయం ఒక తరం బాలికల ఆత్మవిశ్వాసం ముందు స్వల్పమే.

ఇక విద్యార్థినీ సోదరీమణులకు ఒక్క మాట. నిజామాబాదు బాలిక ఒకతె, ఈ ఆటలో అమ్మాయిలెందుకు లేరని తండ్రిని అడిగింది. పది సంవత్సరాల తరువాత, పరీక్ష ఎందుకు పెట్టరని కేంద్రమంత్రిని అడిగింది. ఆ రెండు ప్రశ్నలలోను వినయం వున్నది, భయం లేదు. ఓడినప్పుడు ఓటమిని ఒప్పుకొన్నది. గెలిచినప్పుడు మరల పరీక్షకు నిలిచింది. మీరు ఎన్నుకొన్న రంగం ఏదైనా, అడుగవలసిన చోట అడగండి. అవకాశం దొరికిన నాడు సిద్ధంగా వుండండి. మన మిరప చేల గట్లమీద నుండి, పత్తి మండీల వీధుల నుండి అట్టి ప్రశ్నలు వినిపించిన నాడు, విజయాలు వాటి వెంటనే నడచి వస్తాయి.