మీకు తెలుసా? తొలికూత హక్కు పెద్ద పుంజుదే!

తెల్లవారుజామున ఏ పుంజు ముందు కూయాలో కోళ్ల గుంపులో వరస ఉంటుంది. జపాన్ పరిశోధకులు 2015లో ఈ సంగతి తేల్చారు. పైచేయి ఉన్న పుంజు తొలికూత వేస్తుంది, మిగతావి స్థాయిని బట్టి ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటాయి. పెద్దదాన్ని అక్కణ్నుంచి తీసేస్తే రెండోది ఆ హక్కు తీసుకుంటుంది. ఎంత కట్టుబాటో చూడండి! వెలుగు కనిపించకపోయినా ఒంట్లోని గడియారమే పుంజుకు కూతవేళ చెబుతుందని 2013లోనే తేలింది.

పెరట్లో రెండు పుంజులుంటే ఈ వరస కుదిరేదాకా పోట్లాట తప్పదు. పందేలకు పేరుపడ్డ అసీల్ జాతితో మరీ కష్టం. దాని పెట్టలు గుడ్లు తక్కువే పెట్టినా పొదగడంలో మేటి. గుడ్లే ముఖ్యమనుకుంటే హైదరాబాద్‌లో రూపొందిన గ్రామప్రియ రకం కోళ్లు మేలు. పుంజు లేకున్నా పెట్ట గుడ్లు పెడుతుంది. పిల్లలు కావాలంటేనే పుంజును పెంచండి.