వేరుసెనగ విత్తు తేదీ: దాచని లెక్క



ఆరుద్రకార్తెలో ఒక పదును వాన కురిసినంతనే హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల ఎఱ్ఱనేలలలో గొఱ్ఱు కట్టవచ్చునా, మఱియొక వానకై వేచియుండవలెనా యను ప్రశ్న యింటింట పుట్టును. విత్తనపుకాయల వెల, కూలి, అప్పు అన్నియు ఆ యొక్క దినముపై ఆధారపడి యుండును. నేడీ ప్రశ్నకు కంప్యూటరు కూడ సమాధానము చెప్పుచున్నది. ఆ సమాధానమును మనమెట్లు పరీక్షింపవచ్చునో మనవిచేసెదను.

అది జోస్యము కాదు, పద్దుపుస్తకము వంటిది. ఈ దినమున ఎంత వాన, ఎంత యెండ, నేలలో ఎంత తేమ మిగిలినది, వేరు ఎంత త్రాగినది, ఊడలు ఎన్నడు దిగును, కాయ ఎంత ఊరును అని దినదినము లెక్కించుచు పోవును. గడచిన సంవత్సరముల వానలెక్కలు చేతనున్నచో, ఆ యేట ఆరుద్రలో విత్తియున్న నేమగును, పుష్యమిలో విత్తియున్న నేమగును అని కాగితముపైననే సేద్యము చేసి చూడవచ్చును. ఇట్టిదానిని పంట నమూనా యందురు.

అమెరికాలోని ఫ్లారిడా విశ్వవిద్యాలయమున వేరుసెనగకై పీనట్‌గ్రో అను నమూనాను నిర్మించిరి. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన సులోచనా గాడ్గిల్, ఆమె సహకారులైన శేషగిరిరావు, నరహరిరావుగార్లు దానిని మన అనంతపురపు మెట్టసేద్యమునకు ఉపయోగించి, 2002లో ఒక వ్యాసము ప్రకటించిరి. రైతులు వాడుకలో పాటించు జూన్ 22 మొదలు ఆగస్టు 17 వఱకు గల కాలమే అనుకూలమైనదనియు, ఆ నడుమ తేదీనిబట్టి సగటు దిగుబడి పెద్దగా మారదనియు అందు తేలినది. పంచాంగము చూడుడు: అది ఇంచుమించు ఆరుద్ర ప్రవేశము మొదలు ఆశ్లేష ముగియు వఱకు గల కాలము! అంత గణితము చేసియు తాతలనాటి కార్తెల కడకే వచ్చిరని మీరు నవ్వవచ్చును. నాకు మాత్రము అందువలననే ఆ లెక్కపై గౌరవము కలిగినది.

అయినను లెక్క మనకు నచ్చినంత మాత్రమున నిజము కాదు. ధర్మవరపు నేతగాండ్రకు ఈ సంగతి సులభముగా బోధపడును. జకార్డు మగ్గమున అంచు నేయుటకు రంధ్రములు గల అట్టలు కట్టుదురు. ఆ అట్టలే, ఆ పట్టే మఱియొక మగ్గమున కెక్కించినచో ఆ అంచే రావలెను. కంప్యూటరునకు వ్రాసి యిచ్చు ఆజ్ఞలు అట్టలు. వాన, నేల, విత్తనముల లెక్కలు పట్టు. రెండును తెఱచి చూపినప్పుడే వేఱొకరు నేసి సరిచూడగలరు. చీరను మాత్రమే చూపి అట్టలు దాచువానిని వర్తకుడనవచ్చును గాని పరిశోధకుడనరాదు. పీనట్‌గ్రో వంశమునకు చెందిన నేటి నమూనా యొక్క ఆజ్ఞలన్నియు ఎవరైనను చదువుకొనునట్లు బహిరంగముగా నున్నవి.

దీనివలన గ్రామమునకేమి లాభ మందురా? నేలలోతు సంగతి చూడుడు. మన చేలలో పలుచోట్ల అడుగు త్రవ్వగానే గరుసు తగులును. నమూనాలో ఎవరో దూరమున కూర్చుండి రెండడుగుల మన్ను అని వ్రాసిరనుకొనుడు. అప్పుడు ఇరువది దినములు వాన లేకున్నను కాగితముపై పైరు పచ్చగనే యుండును. చేనిలో ఊడలు దిగక మాడిపోవును. ఆ యంకెను దాచినచో తప్పు ఎన్నటికిని బయటపడదు. తెఱచి చూపినచో, "అయ్యా, ఇది మా చేను కాదు" అని చెప్పుటకు కంప్యూటరు చదువు అక్కఱలేదు, పార పట్టినవాడు చాలును.

2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున ఇక్రిశాట్, మైక్రోసాఫ్టు సంస్థలు ప్రభుత్వముతో కలిసి 175 మంది రైతులకు విత్తు తేదీని సెల్‌ఫోనుకు తెలుగులో పంపిరి. సగటున నూటికి 30 పాళ్లు అధికముగా పండినదని ప్రకటించిరి. నేను దానిని కాదనను. కాని అట్టి యంకె విన్నప్పుడు, ఎవరి చేలతో పోల్చిరి, ఆ చేలకును ఇదే నేల, ఇదే వాన యున్నవా, మఱియొక యేట ఏమైనది అని అడుగవలెను. నమూనాను దిద్దుటకు వాడిన సంవత్సరములపైననే పరీక్షించుట, ప్రశ్నపత్రము ముందుగా చూచినవానికి పరీక్ష పెట్టుట వంటిది. అది చూడని సంవత్సరములపై పరీక్షించి, తప్పిన యేడులను కూడ అచ్చువేయవలెను.

ఇక రైతు లెక్కలు. తెఱచుట యనగా పేరు, అప్పు, సర్వే నెంబరు బజారున పెట్టుట కాదు. వానిని తీసివేసి నేల, వాన, విత్తిన దినము, దిగుబడి మాత్రము చూపవచ్చును. పెనుకొండ కొండ కీవల కురిసిన వాన ఆవల కురియకపోవచ్చును గదా. కావున మీ గ్రామపు పదునులను, విత్తిన తేదీలను, పండిన మూటలను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. విత్తు తేదీ చెప్పుటకు ఎవరైన వచ్చినచో, వారి లెక్కను మీ పుస్తకము ప్రక్కన పెట్టి చూపుమనుడు.