మంత్రి పదవి లేని శాసనసభ్యుడు

హైదరాబాదులో నాంపల్లి స్టేషనున రైలు దిగి, అబిడ్సు వైపు పోవు దారి విడిచి పబ్లిక్ గార్డెన్సు వైపు కొంచెము నడచినచో తెల్లని గుమ్మటముల భవనము కనిపించును. 1905లో ఆరవ నిజాము శంకుస్థాపన చేయగా, పౌరుల చందాలతో 1913 నాటికి పూర్తియైన టౌన్‌హాలు ఇది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట శాసనసభ ఇచ్చటనే కొలువుదీరినది. కర్నూలు సభనుండి ఇచ్చటికి వచ్చినవారిలో సత్తెనపల్లి సభ్యులు శ్రీ వావిలాల గోపాలకృష్ణయ్యగారు ఒకరు.

ఆయన 1952లో మద్రాసు శాసనసభకు, 1955లో ఆంధ్ర శాసనసభకు ఎన్నికైరి. 1957లో తెలంగాణా ప్రాంతమున మాత్రమే ఎన్నికలు జరిగినవి. ఆంధ్ర ప్రాంత సభ్యులు 1962 వరకు కొనసాగిరి. 1962, 1967లలో ఆయన మరల గెలిచిరి. ఖద్దరు బట్టలు, చేతిసంచి, ఇదియే ఆయన ఆడంబరము. ఇన్నేండ్లలో మంత్రి కాలేదు, పాలక పక్షములోను లేరు.

అట్టి సభ్యుడు ఊరివారికేమి చేయగలడు? ఈ సందేహము పంచాయితీ సభ్యులకు క్రొత్తది కాదు. సర్పంచి వర్గమున లేని వార్డు సభ్యుని మాట ఎవరు విందురను నిట్టూర్పు గ్రామగ్రామమున వినబడునదే.

శాసనసభ్యునకు ఉత్తరువు చేయు అధికారము లేదు. బదిలీలకు, ఉద్యోగములకు అర్జీలు పట్టుకొని నాంపల్లికి వచ్చువారు ఈ సంగతి మరచుచుందురు. అతనికున్నది అడుగు అధికారము. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నకు మంత్రి సభలో నోటితో సమాధానము చెప్పవలెను. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. గుర్తు లేని ప్రశ్నకు సమాధానము వ్రాతమూలకముగా వచ్చును. బడ్జెటు పద్దులపై కోత తీర్మానమున్నది. అది నెగ్గదని తెలిసియే సభ్యుడు తెచ్చును. ఆ పేర శాఖలోని లోపము సభ రికార్డులకెక్కును. అచ్చుపడిన హామీని మరుసటి సంవత్సరము మంత్రికి చూపవచ్చును.

అడిగిన వెంటనే పని జరుగుననుకొనరాదు. కృష్ణా నీటిని పెన్నకు మళ్లించు పథకమును మద్రాసు ప్రభుత్వము తలపెట్టగా, నందికొండ వద్దనే ఆనకట్ట కావలెనని ముక్త్యాల రాజాగారు మొదలగువారు ఆందోళన చేసిరి. వావిలాల వారును అందు పాల్గొనిరి. 1952లో ఖోస్లా సంఘము నందికొండను బలపరచినది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరునకు శంకుస్థాపన చేసిరి. కాలువలకు నీరు వదలినది 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీగారు. నడుమ దాదాపు 12 ఏండ్లు! అంతకాలమును సత్తెనపల్లి ప్రజలు ఆయననే సభకు పంపిరి. మన గ్రామములలో బావి త్రవ్వుట ఒక్క వేసవి ఆలస్యమైనచో ఎంత గగ్గోలు పుట్టునో ఎరుగనివారు లేరు.

1966లో తెలుగును అధికార భాషగా చేయు చట్టము వచ్చినది. చట్టము వచ్చినను కచేరీల కాగితములు చాలవరకు ఆంగ్లముననే నడచుచుండెను. పంచాయితీకి వచ్చిన తాకీదును చదివించుకొనుటకు స్కూలు మాష్టరు ఇంటికి పోవలసిన దినములవి. కార్యాలయములలో తెలుగు అమలును పరిశీలించుటకు 1974లో అధికార భాషా సంఘము ఏర్పడగా, దానికి తొలి అధ్యక్షులుగా ప్రభుత్వము ఆయననే నియమించినది. అప్పటికాయన శాసనసభ్యులు కారు.

1992లో పద్మభూషణ్ బిరుదమందిన వావిలాల వారు 2003లో దివంగతులైరి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో వెలగపూడికి తరలినది. నాంపల్లిలో నేడు తెలంగాణ శాసనసభ జరుగుచున్నది.