తెర లేని పెట్టెలో లినక్స్

రౌటర్ ప్రక్కన నొదిగి, రెండు మూడు దీపములు మిణుకుమనుచుండగా, ఇంటిల్లిపాది ఛాయాచిత్రములను, పెండ్లి వీడియోలను, చదువుల పత్రములను తనలో దాచుకొని, ఏ గదిలోని కంప్యూటరు గాని ఫోను గాని యడిగినను వాని నందించుచుండెడి చిన్న పెట్టెను నేడు పెక్కు గృహములలో చూడవచ్చును. సాంకేతికులు దీనిని నాస్ అందురు. కొన్నవారిలో అనేకులు ఇది హార్డ్ డిస్కునకు తొడిగిన తొడుగు మాత్రమే యని తలంతురు గాని, మూత విప్పి చూచినచో ప్రాసెసరు, మెమరీ, ఫ్లాష్ మెమరీ, నెట్‌వర్క్ ద్వారము గల సంపూర్ణమైన కంప్యూటరే అందు కానవచ్చును. లేనివి తెరయు, కీబోర్డును మాత్రమే. ఆ రెండును లేకపోవుటయే మనము ముందు చెప్పుకొనబోవు కష్టములన్నిటికిని మూలము.

ఇట్టి పెట్టెలలో అధికభాగమును నడిపించునది, ఫిన్లాండు దేశపు విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సే. దానికి తోడుగా, విండోస్ కంప్యూటర్లకు ఫైళ్ళనందించు శాంబా యను ప్రోగ్రామును ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్ 1992లో ప్రారంభించెను. తయారీదారులు ఈ రెంటిని గ్రహించి, వానిపై తమ పేరు గల అమరికల పుట నొకదానిని చేర్చి, పెట్టెలో నిమిడ్చి విక్రయించుచున్నారు. ఇట్టి పెట్టెలో మనమే లినక్సును స్థాపించుకొనుట ఇచ్చటి విషయము. లోపల నున్నది లినక్సే యైనప్పుడు మరల లినక్సును స్థాపించుట యేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. పెట్టెలో నిమిడ్చిన ఆ ప్రోగ్రాముల సముదాయము, అనగా ఫర్మ్‌వేర్, తయారీదారుని యధీనమున నుండుటయే దీనికి సమాధానము. అతడు నవీకరణములను మానివేసిన నాటినుండి పెట్టె యథాప్రకారము పనిచేయుచునే యుండును గాని, చుట్టునున్న లోకము మారిపోవుచుండును.

ఆ మార్పు ఎట్టిదో రెండు ఉదాహరణములచే గ్రహింపవచ్చును. ఫైళ్ళ పంపకమునకు చిరకాలముగా వాడుకలో నుండిన ఎస్.ఎం.బి. పద్ధతి యొక్క మొదటి రూపాంతరము సురక్షితము కాదని యెంచి, మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 శరత్కాలపు విండోస్ 10 నూతన స్థాపనలలో దానిని తనంతట చేర్చుట మానివేసెను. ఆ యొక్క రూపాంతరము తప్ప మరొకటి యెరుగని పాత పెట్టెలు, ఏ లోపమును లేకయే, క్రొత్త కంప్యూటర్లకు కానరాకుండ పోయినవి. వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ అను పెట్టె వృత్తాంతము మరింత దారుణము. 2015 తరువాత నవీకరణములు లేక నిలిచిపోయిన ఆ పెట్టెలలోనికి 2021 జూన్ మాసమున దుండగులు ఇంటర్నెట్ మార్గమున ప్రవేశించి, ఆదిస్థితికి మరలించు ఆజ్ఞను ప్రయోగింపగా, అనేకుల సంవత్సరముల సంచయము తుడిచిపెట్టుకొనిపోయినది. యంత్రము మనదే యైనను దానిని నడిపించు ప్రోగ్రాము పరాధీనమై యున్నంత కాలము ఆ స్వామ్యము అసంపూర్ణమే యని ఈ రెండు సంఘటనలును తెలుపుచున్నవి.

ఆ స్వామ్యమును పూర్తిచేసికొన యత్నించినవారి చరిత్రలో లింక్‌సిస్ ఎన్.ఎస్.ఎల్.యు.2 అను పెట్టెకు విశిష్టస్థానము కలదు. సిస్కో సంస్థలో అంతర్భాగమైయుండిన లింక్‌సిస్ దానిని 2004లో విపణిలోనికి తెచ్చెను. దానిలో డిస్కు లేదు. వెనుకనున్న రెండు యు.ఎస్.బి. ద్వారములకు మన డిస్కులను తగిలింపవలెను. ఇంటెల్ వారి ఎక్స్‌స్కేల్ జాతి ప్రాసెసరు, 32 మెగాబైట్ల మెమరీ, 8 మెగాబైట్ల ఫ్లాష్ — ఇంతియే దాని సంపద. అందును తొలి పెట్టెలలో, 266 మెగాహెర్ట్జుల వేగమున నడువగల ప్రాసెసరును 133కే పరిమితము చేసి యుంచిరి. బోర్డుపైనున్న చిన్న రెసిస్టరు నొకదానిని తొలగించినంత మాత్రమున అది పూర్ణవేగమును పొందునని ఔత్సాహికులు కనుగొనిరి.

లినక్సునకు కేంద్రభాగమైన కెర్నెల్ జి.పి.ఎల్. అను అనుమతిపత్రము క్రింద నుండుటచే, దానిని తన వస్తువునందు పొందుపరచి విక్రయించువాడు ఆ భాగముల మూలప్రతిని కొన్నవారికి అందుబాటున నుంచవలసి యున్నది. లింక్‌సిస్ అట్లే చేయగా, ఆ మూలప్రతి నాధారముగా జేసికొని దేశదేశముల స్వచ్ఛంద కార్యకర్తలు తయారీదారుని ఫర్మ్‌వేరునే విస్తరించు అన్‌స్లంగ్ అను దానిని, పూర్తిగా నూతనమైన స్లగ్‌ఓఎస్ అను దానిని నిర్మించిరి. పిమ్మట మార్టిన్ మిచ్ల్‌మయర్ మొదలగువారి కృషిచే, 2007 ఏప్రిల్‌లో వెలువడిన డెబియన్ అను లినక్స్ పంపిణీ యొక్క 4.0 రూపాంతరము ఈ చిన్న పెట్టెపైననే నేరుగా స్థాపించుకొనదగినదై, పెద్ద సర్వర్లపై నడచు వేలకొలది ప్యాకేజీలు దానికిని లభ్యమయ్యెను.

ఆ పెట్టెపై నాడు అనుసరించిన డెబియన్ స్థాపనావిధానమును పరిశీలింతము. సాధారణ కంప్యూటరునందువలె పెన్‌డ్రైవు పెట్టి, తెరపై కనబడు ప్రశ్నలకు బదులిచ్చుచు పోవుటకు ఇచ్చట వీలులేదు. ముందుగా డిస్కులోని సమాచారమునకు వేరొకచోట ప్రతి తీయవలెను. తరువాత ఫ్లాష్‌లోని మూల ఫర్మ్‌వేరునకును ప్రతి తీసి భద్రపరుపవలెను. ఈ రెండవదానిని తొందరలో ఉపేక్షించువారు పెక్కురు గాని, వెనుకకు మరలుటకు నమ్మదగిన దారి యదియే. పిదప రీసెట్ మీటను నొక్కిపట్టి విద్యుత్తునిచ్చి, దీపము పసుపునుండి ఎరుపునకు మారిన క్షణమున వ్రేలు తీసినచో, ఆ దీపము ఎరుపు, ఆకుపచ్చలుగా మార్చి మార్చి వెలుగును. పెట్టె నూతన ఫర్మ్‌వేరును స్వీకరించుటకు సిద్ధమైనదనుట కది గురుతు. అప్పుడు ఇంటిలోని మరియొక కంప్యూటరునుండి అప్‌స్లగ్2 అను ప్రోగ్రాముతో నెట్‌వర్క్ తీగ మీదుగా నూతన ప్రతిని పంపవలెను. ఈ వ్రాత ముగియులోపల విద్యుత్తు పోయినచో ఫ్లాష్‌లోని ప్రతి అసంపూర్ణమై నిలిచిపోవును గనుక, సరఫరా నమ్మకము లేని మన పట్టణములలో ఈ కార్యమును యు.పి.ఎస్. అండతోనే చేయుట యుక్తము.

పెట్టె పునఃప్రారంభమైన తరువాత స్థాపకప్రోగ్రాము తెరకు బదులుగా ఎస్.ఎస్.హెచ్. అను సురక్షితమార్గమున నెట్‌వర్కుపై మనకొరకు నిరీక్షించుచుండును. వేరు అమరిక లేనియెడల 192.168.1.77 అను చిరునామాకు, ఇన్‌స్టాలర్ అను పేరుతో, ఇన్‌స్టాల్ అను సంకేతపదముతో ప్రవేశింపవచ్చును. అటుపై కెర్నెలును, ఆరంభమునకు వలసిన భాగములును మాత్రమే ఫ్లాష్‌లో నిలుచును. తక్కిన వ్యవస్థయంతయు యు.ఎస్.బి. డిస్కుపైకి చేరును. 32 మెగాబైట్ల మెమరీ చాలదు గావున, మెమరీకి బదులుగా వాడుకొను స్వాప్ భాగమును డిస్కుపై తప్పక యేర్పరుపవలెను. ఇంత చేసినను స్థాపన గంటలకొలది సాగును. ఆ పెట్టెలోని నెట్‌వర్క్ భాగమునకు వలసిన ఇంటెల్ వారి సూక్ష్మసంకేతము స్వేచ్ఛానుమతి లేనిది యగుటచే డెబియన్ తన అధికారిక ప్రతిలో దానిని చేర్చలేదు. చేర్చిన ప్రతిని వేరుగా సంపాదింపవలసి యుండెను. ఈ సంగతి తెలియనివారు, నెట్‌వర్కు తప్ప మరొక ద్వారము లేని పెట్టెలో నెట్‌వర్కే పలుకకున్న కారణ మూహింపలేక వ్యాకులపడిరి.

స్థాపన సాఫీగా జరిగినవారికి ఇంతటితో కథ ముగియును. జరుగనివారికి అసలు విద్య ఇచ్చట మొదలగును. తెర లేని యంత్రమునకు చికిత్స చేయుట మాటలు రాని పసిబిడ్డకు వైద్యము చేయుట వంటిది. బాధ యెచ్చటనో అది చెప్పలేదు గనుక లక్షణములను క్రమముగా మనమే చదువుకొనవలెను. ఇట్టి పెట్టె మేల్కొనుటలో సోపానములు కలవు: విద్యుత్తు అందును, ఫ్లాష్‌లోని ప్రారంభకప్రోగ్రాము లేచును, అది కెర్నెలును మెమరీలోనికి తెచ్చును, కెర్నెల్ డిస్కును కనుగొనును, నెట్‌వర్క్ లేచును, చిట్టచివర శాంబా వంటి సేవలు ఆరంభమగును. ఏ సోపానమువరకు వచ్చి ఆగినదో నిర్ణయించుటయే సగము పరిష్కారము. అది తెలియక ఫర్మ్‌వేరును మరల మరల వ్రాయువారు, డిస్కు తీగ వదులై యున్నదను సామాన్యకారణమును కనుగొనుటకు ముందే ఫ్లాష్‌ను పాడుచేసికొందురు.

నెట్‌వర్క్ ద్వారముకడ దీపము వెలుగుచున్నను పెట్టె పలుకనిచో, దాని చిరునామా మారినదేమో మొదట విచారింపవలెను. రౌటర్ అమరికలలో ఏ యంత్రమునకు ఏ చిరునామా ఇయ్యబడినదో తెలుపు జాబితా యుండును. పెట్టె యడుగున ముద్రించిన మాక్ సంఖ్యను దానితో సరిపోల్చినచో సందేహము తీరును. నూతన స్థాపన తరువాత ఎస్.ఎస్.హెచ్. ద్వారా ప్రవేశింపబోయిన వెంటనే, ఆవలి యంత్రపు గురుతు మారినదని భీకరమైన హెచ్చరిక కనబడును. క్రొత్త వ్యవస్థ క్రొత్త తాళపుచెవులను సృష్టించుకొనుటచే అది సహజముగా వచ్చినదే. స్థాపించినది మనమేయని నిశ్చయమైనప్పుడు పాత గురుతును తొలగించి ముందుకు సాగవచ్చును.

డిస్కు సంబంధమైన చిక్కులే అన్నిటికంటె అధికము. చిన్నపరిమాణపు డిస్కులు యు.ఎస్.బి. ద్వారమునుండియే విద్యుత్తును గ్రహించును. పాత పెట్టెల ద్వారములు అంత శక్తినీయలేక, డిస్కు తిరుగబోయి ఆగుచు, యంత్రము తన కార్యవృత్తాంతమును వ్రాసికొను లాగ్‌లో ఎడతెగని దోషములను నింపును. సొంత అడాప్టరు గల డిస్కు గాని హబ్బు గాని దీనికి మందు. రెండు డిస్కులున్నచో, నేడు మొదటిదిగా గుర్తింపబడినది రేపు రెండవది కావచ్చును. కావున అమరికల ఫైలులో పరికరనామమునకు బదులు ప్రతి విభాగమునకును శాశ్వతముగా నుండు యు.యు.ఐ.డి. సంఖ్యను వ్రాయుట క్షేమము. అదే ఫైలులో, లేకున్నను సాగవచ్చునని తెలుపు నోఫెయిల్ అను పదమును సమాచార డిస్కులకు చేర్పవలెను. లేనిచో డిస్కు తీసిన దినమున, నేటి లినక్స్ దానికొరకు కొంతసేపు ఎదురుచూచి, ఆపత్స్థితిలో ప్రవేశించి, లేని తెరపై సంకేతపదము నడుగుచు కూర్చుండును. హఠాత్తుగా విద్యుత్తు పోయినతరువాత జరుగు డిస్కుపరీక్షయు ఇట్లే అవునా కాదా యని ప్రశ్నించుచు నిలిచిపోగలదు. దోషములను తానే సవరించుకొనునట్లు ముందే యాజ్ఞాపించి యుంచవలెను.

కొన్ని దోషములు వేషము మార్చుకొని వచ్చును. బోర్డుపైనున్న నాణెపు బ్యాటరీ క్షీణించినచో గడియారము ఎన్నియో యేండ్లు వెనుకకు పోవును. అప్పుడు ప్యాకేజీల సంతకములు, వెబ్ ధ్రువపత్రములు ఇంకను చెల్లుబాటు కాలేదని యంత్రము నిరాకరించును. చూచువారు నెట్‌వర్కును నిందింతురు. లినక్స్ సంకేతపదము సరియైనదే యైనను శాంబా లోనికి రానీయకపోవుటకు, శాంబా తన సంకేతపదములను వేరుగా భద్రపరచుకొనుటయే తరచుగా కారణము. క్యూనాప్ వారి కొన్ని పెట్టెలలో ఫంకా వేగమును ప్రత్యేకమైన చిన్న ప్రాసెసరు చూచుకొనును గనుక, డెబియన్ స్థాపించినవారు క్యూకంట్రోల్ అను ప్యాకేజీని మరచినచో ఉష్ణమునకు తగిన ఫంకా నియంత్రణము లోపించును.

లక్షణములచే ఏమియు తేలనప్పుడు రెండు నిశ్చితమార్గములు మిగులును. మొదటిది, డిస్కును విప్పి లినక్స్ నడచు మరొక కంప్యూటరునకు తగిలించి, అందలి లాగ్ ఫైళ్ళను చదువుట. లాగ్‌లో ఒక్క పంక్తియు చేరకున్నచో డిస్కుపై లాగ్ వ్రాయుట ఆరంభము కాకముందే యంత్రము ఆగినదని ఊహింపవచ్చును. చేరినచో చివరి పంక్తియే తరచుగా దోషస్థానమును చూపును. రెండవది సీరియల్ కన్సోల్. అనేకములైన బోర్డులపై నాలుగు చిన్న కాళ్ళో, కాళ్ళు లేని రంధ్రములో ఉండును. యు.ఎస్.బి. సీరియల్ తీగతో గ్రౌండును గ్రౌండునకు, ఒకదాని పంపు కొనను మరొకదాని స్వీకరించు కొనకు కలిపి, తరచుగా వాడుకలో నున్న 115200 వేగమున వినినచో, యంత్రము మేల్కొనిన క్షణమునుండి పలుకు ప్రతిపలుకును కంప్యూటరు తెరపై కనబడును. ఆ తీగ 3.3 వోల్టులది యగుట యత్యవసరము. పాత కంప్యూటర్ల సీరియల్ ద్వారమును నేరుగా కలిపినచో దాని అధిక వోల్టేజి బోర్డును కాల్చివేయును. ఏ యవస్థలోను ప్రారంభకప్రోగ్రామును మాత్రము చెరుపరాదు. అది బ్రతికియున్నంతవరకు తక్కినదంతయు తిరిగి వ్రాయవచ్చును.

ఈ శ్రమ అన్ని పెట్టెలకును తగినది కాదు. కెర్నెల్ ఏటేట పెరుగుచుండగా ఫ్లాష్ పరిమాణము పెరుగదు. కాలక్రమమున డెబియన్ సైతము ఎన్.ఎస్.ఎల్.యు.2 వంటి వానికి తోడ్పాటును విడువవలసి వచ్చినది. పాత పెట్టెను కొనదలచినవారు దాని నమూనాకు నేటికిని కెర్నెల్ సహాయము కలదా, మెమరీ చాలునా యని ముందే విచారింపవలెను. ఇంటెల్ ఎక్స్86 జాతి ప్రాసెసరును, తెర తగిలించు ద్వారమును గల పెట్టెలలో స్థాపన సాధారణ కంప్యూటరునందువలెనే సుకరము. ఎట్టి పెట్టెయైనను దానిని ఇంటర్నెట్‌కు నేరుగా తెరచియుంచరాదు. రెండు డిస్కులపై ఒకే సమాచారమును వ్రాయు రెయిడ్ పద్ధతిని భద్రప్రతిగా భ్రమింపరాదు. ఒక డిస్కు చెడినప్పుడు అది కాపాడును గాని, పొరపాటున చెరిపిన ఫైలు రెండింటినుండియు ఒకేసారి పోవును.

కావున ఈ మార్గమున నడువనెంచు గృహస్థుడు ఒక్కొక్క మార్పునే చేసి, దాని ఫలితమును చూచి, చేసినదానిని కాగితముపై వ్రాసికొని, మరలివచ్చు దారి సిద్ధముగా నున్నప్పుడే తరువాతి మార్పునకు పూనుకొనవలెను. పెట్టె యగ్గువ, అందలి ఛాయాచిత్రములు మరల దొరకనివి. వాని రెండవప్రతి వేరొక డిస్కుపై భద్రముగా నున్నదని స్వయముగా తెరచి చూచుకొనినవానికి మాత్రమే రీసెట్ మీటపై వ్రేలు మోపు అధికారము కలదు.