గేరు పడకపోతే తప్పు ప్లేటుదేనా?

ఇంజిన్ ఆపి ఉంటే గేర్లన్నీ హాయిగా పడతాయి. స్టార్ట్ చేశాక మాత్రం రివర్స్ వేయబోతే గరగరమంటుంది, మొదటి గేరు మొండికేస్తుంది, పెడల్ పూర్తిగా తొక్కి ఉంచినా కారు మెల్లగా పాకుతుంది. క్లచ్ పూర్తిగా వదలడం లేదనడానికి ఇవే గుర్తులు. ఇలాంటప్పుడు ‘ప్లేటు అరిగిపోయింది, క్లచ్ సెట్టు మార్చాలి’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. కానీ ప్లేటు అరిగితే సాధారణంగా పట్టు జారుతుంది: ఇంజిన్ రొద పెరిగినా బండి వేగం అందుకోదు. ఇక్కడున్నది దానికి పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు. కాబట్టి గేర్‌బాక్స్ దించడానికి ముందు, కాలి కదలికను క్లచ్ దాకా మోసుకెళ్లే ఆయిల్ దారిని పరీక్షించి తీరాలి.

పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడికి గేర్‌బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండర్ రాడ్ కదిలి, ఫోర్కు ద్వారా రిలీజ్ బేరింగ్‌ను తోస్తుంది. కాలు ఎంతో దూరం కదిలితే గానీ చివర ప్రెషర్ ప్లేటు ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరగదు. అందుకే మధ్యలో కాస్త కదలిక పోయినా క్లచ్ వదలదు. లైన్‌లో గాలి చేరితే జరిగేది అదే: ఆయిల్‌లా కాక గాలి నొక్కుకుపోతుంది, తొక్కుడులో కొంత దానికే ఖర్చవుతుంది. గబగబా నాలుగైదుసార్లు తొక్కాక గేరు తేలిగ్గా పడితే గాలిని, లేదా అరిగిన సీలును అనుమానించాలి. ఇందులో వాడే బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకునే రకం. డాట్ 4 ఆయిల్ మరిగే స్థాయి కొత్తప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ పట్టిన ఆయిల్‌కు ప్రమాణం అడిగేది 155 డిగ్రీలే; మరిగితే పుట్టే ఆవిరి కూడా గాలిలాగే నొక్కుకుపోతుంది. పాత ఆయిల్‌ను మార్చి, గాలి తీయించడం అందుకే మొదటి పని.

డబ్బాలో ఆయిల్ నిండుగానే ఉంది కదా అనవచ్చు. మాస్టర్ సిలిండర్ లోపలి సీలు అరిగితే ఆయిల్ బయటికి కారదు, లోలోపలే వెనక్కి జారుతుంది. పెడల్ తొక్కి పట్టినా కాసేపటికి కారు పాకడం మొదలైతే ఆ అనుమానం బలపడుతుంది. లోపం గేర్‌బాక్స్ లోపలే ఉంటే ఈ పరీక్షలు కాలయాపన కావా అన్నది మరో ప్రశ్న. కావు. ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు స్లేవ్ రాడ్ ఎంత జరుగుతోందో కొలిచి, కంపెనీ మాన్యువల్ లెక్కతో పోలిస్తే చాలు. తక్కువైతే లోపం ఆయిల్ దారిలోనో పెడల్ దగ్గరో ఉంది. సరిపోతే వంకరపోయిన ప్లేటు, తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కున్న ప్లేటు, దెబ్బతిన్న ప్రెషర్ ప్లేటు వంటివి వెతకాలి. అప్పుడు గేర్‌బాక్స్ దించడం న్యాయం. కొన్ని కార్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ హౌసింగ్ లోపలే ఉంటుంది కనుక ఈ కొలత కుదరదు. అక్కడ కూడా ఆయిల్, గాలి సంగతి ముందు తేల్చుకోవచ్చు.

చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఆయిల్ డబ్బా ఒక్కటే. మట్టం తగ్గుతుంటే పైన పోసి ఊరుకోకూడదు, కారే చోటు కనిపెట్టాలి. సెట్టు మార్చడానికి ఒప్పుకునే ముందు ‘రాడ్ ఎంత జరిగింది?’ అని మెకానిక్‌ను అడగడం యజమాని హక్కు. మంచి మెకానిక్ ఆ కొలత చూపించే పని మొదలుపెడతాడు.