పాముబుట్ట దింపి బియ్యపు చెంబు పట్టాలి: గారడీవారికి కొత్త అంశాలు

రచ్చబండ దగ్గర డోలు మోగిందంటే ఒకప్పుడు ఊరు ఊరంతా అక్కడ చేరేది. మూడు గిన్నెలు, నాలుగు గుడ్డ బంతులు, ఒక బుట్ట, ఒక దుప్పటి. గారడీవాని సరంజామా అంతే. లేని బంతి గిన్నె కింద తేలేది, ఉన్న బంతి మాయమయ్యేది. మామిడి టెంక పాతి దుప్పటి కప్పితే కాసేపటికి మొక్క లేచేది. ఆట ముగిశాక ఎవరికి తోచింది వారు వేసేవారు. ఒకరు సోలెడు బియ్యం, మరొకరు పావలా.

తెలుగు పల్లెలకు ఈ విద్య కొత్తది కాదు. పద్మశాలీలను ఆశ్రయించి బతికిన సాధనాశూరులు, బ్రాహ్మణులను ఆశ్రయించిన విప్రవినోదులు తరతరాలుగా కనికట్టును కులవృత్తిగా కాపాడుకొంటూ వచ్చారు. నేడు ఆ డోలు చప్పుడు అరుదైపోయింది. ఇంటింటా టీవీ, చేతిచేతికీ సెల్‌ఫోన్ వచ్చాయి. పాత ఆటల గుట్టు పదేళ్ల పిల్లవానికి కూడా ఫోన్‌లో దొరుకుతోంది. దానికి తోడు పాత అంశాలలో కొన్ని చట్టానికి విరుద్ధమయ్యాయి. కొత్త అంశాలు పట్టనిదే విద్య నిలవదు, గారడీవారి ఇంట పొయ్యి వెలగదు.

వదలవలసినవి మూడు

మొదటిది పాముబుట్ట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపామును పట్టి బుట్టలో పెట్టి ఆడించడం నేరం. ముంగిసకూ ఇదే చట్టం వర్తిస్తుంది. కోరలు పీకిన పాము తిండి తినలేక కొద్దినాళ్లకే చస్తుంది. దాన్ని ఆడించి నాలుగు డబ్బులు సంపాదించబోయి కేసులో ఇరుక్కోవడం తెలివైన పని కాదు.

రెండవది తాయెత్తు. ఆట చివర తాయెత్తులు అమ్మడం పాత అలవాటు. తాయెత్తు, మంత్రం, కవచం వంటివి మూర్ఛ, పక్షవాతం, మధుమేహం మొదలైన జబ్బులను నయం చేస్తాయని ప్రచారం చేయడాన్ని 1954లోనే కేంద్ర చట్టం నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. చట్టం మాట అటుంచి, మూర్ఛ వచ్చే బిడ్డను ఆస్పత్రికి తీసుకుపోవలసిన తల్లి తాయెత్తు కట్టి ఊరుకుంటే ఆ నష్టం ఎవరు తీర్చగలరు?

మూడవది పసివాని మెడ మీద కత్తి. గుడ్డ కింద పిల్లవాణ్ణి పడుకోబెట్టి మెడ కోసినట్టు, రక్తం కారినట్టు చూపే అంశం ఇది. చూసే పిల్లలు జడుసుకుంటారు. ఆడే పిల్లవానికి బడి పోతుంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కని 2009 చట్టం చెబుతోంది. గారడీవాని కొడుకూ అందులో ఉన్నాడు.

పట్టవలసినవి

వీటి స్థానంలో ఏమి చూపాలి? పట్నం నుంచి ఖరీదైన పెట్టెలు తెప్పించనక్కరలేదు. ఇంటి సామానే చాలు.

చెంబు, బియ్యం: పొట్ట పెద్దదిగా, మెడ సన్నగా ఉండే పొడి చెంబును అంచు దాకా బియ్యంతో నింపాలి. మొద్దు కత్తిని గాని, గరుకు కర్రను గాని అందులో మళ్లీ మళ్లీ గుచ్చి తీయాలి. బియ్యం కిందికి దిగిన కొద్దీ పైన మరికొంత పోసి అదమాలి. ఇరవై, ముప్పై పోట్లు అయ్యాక లోతుగా ఒక పోటు పొడిచి పైకి ఎత్తితే కత్తితో పాటు చెంబు కూడా లేస్తుంది! ఇందులో మంత్రం లేదు. ప్రతి పోటుకూ గింజలు బిగుసుకొని చివరకు కత్తిని పట్టేస్తాయి. కింద చాప పరచుకొని ఇంట్లో బాగా సాధన చేసిన తరువాతనే జనం ముందుకు రావాలి.

గోడ క్యాలెండర్: బడి పిల్లల ముందు దీనికి తిరుగు లేదు. క్యాలెండర్‌లో అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది తేదీల చుట్టూ ఒక గడి గీయమనాలి. అందులో అన్నిటికన్నా చిన్న తేదీ మాత్రం చెప్పమనాలి. పిల్లలు లెక్క మొదలుపెట్టక ముందే గారడీవాడు మొత్తం చెప్పేస్తాడు. చిన్న తేదీకి 8 కలిపి 9తో హెచ్చిస్తే సరి. తేదీ 5 అయితే, 8 కలిపితే 13, తొమ్మిది పదమూళ్లు 117. కూడి చూసుకోవచ్చు.

కాగితం, తాడు, రింగులు: ఊరికి వచ్చే దినపత్రికనే ముక్కలుగా చింపి మళ్లీ కలిపి చూపవచ్చు. కోసిన తాడును అతికించవచ్చు. ఒకదానిలో ఒకటి దూరే స్టీలు రింగులు పెద్ద సభలలో వెనుక వరుసకు కూడా కనిపిస్తాయి. వీటి కిటుకులు గురువు దగ్గర నేర్చుకోవలసిందే. పత్రికలో వేస్తే విద్యకు విలువ ఉండదు.

తరగని చెంబు: పాత చెంబునే కొత్తగా వాడుకోవచ్చు. 1971 జనవరిలో జపాన్‌లో ప్రదర్శనలకు వెళ్లి అక్కడే కన్నుమూసిన బెంగాల్ ఇంద్రజాలికుడు పి.సి.సర్కార్ దీన్ని దేశదేశాలలో చూపారు. ఖాళీ చేసిన చెంబులో నుంచి అంశానికి, అంశానికి మధ్య మళ్లీ మళ్లీ నీళ్లు పోసేవారు. చెంబు మన పల్లెలదే, దాన్ని చూపిన తీరు ఆయనది. బోరులో రాని నీళ్లు చెంబులో వస్తున్నాయని ఒక మాట అంటే చాలు, రైతులు పడి పడి నవ్వుతారు.

నిమ్మకాయ నెత్తురు

ఇక అన్నిటికన్నా అవసరమైన అంశం నిమ్మకాయ. పల్లెలలో మంత్రగాళ్లు నిమ్మకాయ కోస్తారు. ఎర్రని రసం కారుతుంది. ఇంట్లో దయ్యం ఉందనీ, ఎవరో చేతబడి చేశారనీ చెబుతారు. పూజకని కోడి, మేక, వేలకు వేలు గుంజుతారు. నిజానికి కత్తికి ముందుగానే ఎర్ర మందారపూల రసం పట్టించి ఆరబెడతారు. నిమ్మ పులుపు తగలగానే అది ఎర్రబారుతుంది. పులుపు, సున్నం తగిలితే రంగు మారే గుణం చాలా పూలకు, దుంపలకు ఉంది. పెండ్లిలో పసుపు, సున్నం కలిపి పారాణి చేసే ప్రతి ముత్తయిదువకూ ఈ సంగతి ఎరుకే!

గాలిలోంచి విభూతి తీయడమూ ఇంతే. విభూతిని గంజితో కలిపి ఉండ చేసి, ఆరబెట్టి, వేళ్ల సందున దాచి సమయానికి నలుపుతారు.

ఇది వినోదానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను కట్టేసి కొట్టిన, పళ్లు ఊడగొట్టిన, నిప్పుపెట్టి చంపిన ఘోరాలు తెలుగు జిల్లాలలో జరిగాయి. బలైన వారిలో దిక్కులేని ముసలివాళ్లు, వితంతువులు కూడా ఉన్నారు. ఒక నిమ్మకాయ గుట్టు ఊరంతటికీ తెలిస్తే ఒక ప్రాణం దక్కవచ్చు.

ఏది చెప్పాలి, ఏది దాచాలి?

గుట్టు విప్పితే తమ పొట్ట కొట్టినట్టేనని గారడీవారి భయం. అందులో న్యాయం ఉంది. అయితే రెండు రకాల గుట్టులున్నాయి. వినోదానికి వాడేది గారడీవాని పెట్టుబడి. దాన్ని దాచుకోవడం అతని హక్కు. మోసానికి వాడేది ఊరి ప్రమాదం. దాన్ని విప్పడం అతని బాధ్యత. గిన్నెలు, బంతుల కిటుకు దాచుకొని, నిమ్మకాయ కిటుకు విప్పి చూపేవానికి కూడూ దక్కుతుంది, గౌరవమూ దక్కుతుంది.

ఈ దారిలో నడిచిన పెద్దలు లేకపోలేదు. కేరళకు చెందిన బి.ప్రేమానంద్ 2009లో మరణించే వరకు దేశమంతా తిరిగి బాబాల మహిమలను తానే చేసి చూపారు. మోసానికి తావు లేకుండా మహిమ చూపిన వారికి లక్ష రూపాయలిస్తానని సవాలు చేశారు. 2025లో కన్నుమూసిన బి.వి.పట్టాభిరామ్ తెలుగునాట ఇంద్రజాలానికి చదువుకున్నవారిలో గౌరవం తెచ్చారు. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు కూడా ఊళ్లలో ఇటువంటి ప్రదర్శనలు ఇస్తున్నారు.

కావలసింది ఆదరణ

గారడీవారు మారితే చాలదు, ఊరు కూడా పిలవాలి. ఏటా ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం జరుపుకొనే పాఠశాలలు ఆ రోజున గారడీ కళాకారుణ్ణి పిలిచి తగిన పారితోషికం ఇవ్వవచ్చు. జాతరలలో రికార్డింగ్ డ్యాన్సులకు చందాలెత్తే యువజన సంఘాలు అందులో కొంత ఈ విద్యకు కేటాయించవచ్చు. గ్రామ పంచాయతీలు, ప్రధానోపాధ్యాయులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉంది. డోలు మళ్లీ మోగాలంటే ముందు పిలుపు వెళ్లాలి.